గై హాజరు

“ఏమోయ్, ఎవడీ గై?” అని కేకేయబోయి పద్మనాభం నాలుక కరుచుకున్నాడు. భార్య నోట్‌బుక్ దొంగచాటుగా చదువుతున్నవాడు ప్రశ్నలు వేస్తే ముందు దొరికేది తనే.

అన్నపూర్ణేశ్వరి వీధి గుమ్మం దగ్గరుంది. గ్యాస్ బండ తెచ్చినతను “సాబ్ కా నామ్?” అంటున్నాడు. ఆవిడ తలుపు మీది నేమ్‌ప్లేటు చూపించింది.

“బోల్ దో నా, దీదీ,” అని నోటితో చెప్పమన్నాడతను.

“పఢ్ లో, భయ్యా,” అని చదువుకోమంది ఆవిడ.

ఆ కాస్త వ్యవధిలో పద్మనాభం పేజీ మళ్లీ చదివాడు. ఆర్.కె.పురం ప్రభుత్వ క్వార్టర్సులో ఉండే ఆడవాళ్లకి కమ్యూనిటీ హాల్లో ఇషితా మేడం మూడు నెలలుగా ఇంగ్లీషు నేర్పుతోంది. ఆదివారం ఆఖరి క్లాసు. ఒక్కొక్కరూ ఒక్కో పేజీ సొంతంగా రాసి, ఇంట్లోవాళ్ల ముందు మైకులో చదవాలి. అన్నపూర్ణ ఇంగ్లీషులో రాసుకున్నదాని సారం ఇది:

‘గై చాలా మంచివాడు. బండి చప్పుడు వినగానే గై వచ్చాడని తెలిసిపోతుంది. నా చేతి చారంటే గైకి ప్రాణం. గై జోకులేస్తే నాకు నవ్వాగదు.’

జోకులా! పన్నెండేళ్లుగా తను వేస్తున్నవేమిటి, వడియాలా?

గై ఎవడో కనుక్కోవడానికి సీబీఐ అక్కర్లేదు. పై వాటాలో ఉండే రఘునందన్. సాకేత్‌లో కంప్యూటర్ ఉద్యోగం, కొత్త మోటార్‌సైకిలు, మెట్ల మీద ఎవరు ఎదురైనా “హాయ్ గైస్!” అనే నోరు. మొన్న గిన్నెడు చారు పట్టుకెళ్లి, ఖాళీ గిన్నెతో పాటు పొగడ్తలు తెచ్చిచ్చాడు.

“మేడం, చారు మస్తుగుంది! అంకుల్, మీరు లక్కీ!”

పద్మనాభానికి అప్పుడే మండింది. తను అంకులైతే తన భార్య ఆంటీ కావాలి గానీ మేడం ఎలా అవుతుంది? ఏ లెక్కన చూసినా ఇందులో ఏదో ఉంది.

రాత్రి భోజనాల దగ్గర వల విసిరాడు. “ఈమధ్య మనింట్లో గై హాజరు, నేను గైరుహాజరులా ఉందే!”

అన్నపూర్ణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “పెరుగు తెస్తానుండండి,” అంటూ వంటింట్లోకి వెళ్లింది. చాలాసేపటిదాకా రాలేదు.

‘నేను నోరు తెరిస్తే చాలు, లేచి వెళ్లిపోతుంది!’ పద్మనాభం కంచం పక్కకి తోశాడు.

మర్నాడు ఆఫీసు నుంచి నేరుగా బేర్ సరాయ్ వెళ్లి, పాత పుస్తకాల కొట్టులో అందరికంటే లావుగా ఉన్న డిక్షనరీ దింపించాడు. ‘గై’ దగ్గర వేలు ఆగింది. మొహం వెలిగింది.

నాలుగొందల ఏళ్ల నాడు లండన్ పార్లమెంటును మందుగుండుతో పేల్చబోయి పట్టుబడ్డ గై ఫాక్స్ అనేవాడి పేరట అది. ఏటా నవంబరు ఐదున వాడి గడ్డిబొమ్మకి చిరుగుబట్టలు తొడిగి, ఊరేగించి, తగలబెట్టేవారు. ఆ బొమ్మే ‘గై’. తర్వాత బొమ్మలా తయారైన ప్రతివాడూ గై. ఆ తర్వాత అమెరికా వాళ్ల పుణ్యమా అని ప్రతి మగాడూ గై!

“అంటే మన దసరా రావణాసురుడన్నమాట!” అని పైకే అరిచాడు.

“లేనా హై క్యా, సాబ్?” అన్నాడు కొట్టతను, కొంటారా లేదా అన్నట్టు.

“నహీ భయ్యా, జలానా హై!” అన్నాడు పద్మనాభం, అగ్గిపుల్ల గీసినట్టు చేతులాడిస్తూ.

శనివారం సాయంత్రం అన్నపూర్ణ కూరగాయలకి వెళ్లగానే నోట్‌బుక్ తీశాడు. ఆవిడ రాసినదాని కింద, సెక్షన్ ఆఫీసరు ఫైలు మీద నోట్ పెట్టినట్టు, ఎర్రసిరాతో ఇంగ్లీషులో రాశాడు. ‘గై అనగా గడ్డిబొమ్మ. చిరుగుబట్టలు తొడిగి, వీధులు తిప్పి, తగలబెట్టదగినది.’ పాలకార్డు మీద కూడా పూర్తి సంతకం పెట్టే మనిషి కనుక, అలవాటుగా కింద పేరు, హోదా, తేదీ వేసేశాడు.

ఆదివారం అన్నపూర్ణ ఆడవాళ్లతో ముందే వెళ్లిపోయింది. స్కూటరు దారిలో రెండుసార్లు దగ్గి ఆగడంతో పద్మనాభం హాలుకి చేరేసరికి ఇషితా మేడం ముందుమాట అయిపోయింది. మైకు సెట్టు దగ్గర రఘునందన్! పద్మనాభం కావాలనే ముందు వరసలో కూర్చున్నాడు.

అన్నపూర్ణ తడబడుతూ మొదలెట్టింది. చారు దగ్గరికొచ్చేసరికి గొంతు నిలబడింది. జోకుల దగ్గర హాలంతా చప్పట్లు. పద్మనాభం ఒక్కడే చేతులు కట్టుకున్నాడు.

ఎర్రసిరా కనిపించగానే ఆవిడ కళ్లు మెరిశాయి. తన ఇంగ్లీషు ఆయన దిద్దిపెట్టారనుకుంది. ముందు చూసుకోకుండా, అదే ఊపులో, గట్టిగా చదివేసింది. గడ్డిబొమ్మ, చిరుగుబట్టలు, తగలబెట్టదగినది.

ఆడవాళ్లంతా ముందు వరస వైపు చూస్తూ పడీపడీ నవ్వారు. ఇషితా మేడం కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. రఘునందన్ అయితే మైకు స్టాండు పట్టుకుని మరీ నవ్వుతున్నాడు.

‘సిగ్గులేని వెధవ! వాణ్ణి తగలబెడతామంటే వాడే నవ్వుతున్నాడు!’

అన్నపూర్ణ మాత్రం నవ్వలేదు. సంతకం దగ్గర ఆగిపోయి, ఎర్రబడ్డ మొహంతో నేల చూస్తోంది.

దొరికిపోయింది! పద్మనాభం లేచి నిలబడ్డాడు. “ఆగిపోయావేం? కింద సంతకం ఎవరిదో అదీ చదువు! అందరూ విననీ!”

అన్నపూర్ణ తలెత్తింది. కళ్లనిండా నీళ్లు.

“మీ పేరు నా నోట పలకకూడదనే కదండీ, ‘గై’ అని రాసుకున్నాను!”