టోకెన్ లేని బ్రౌజర్

“కూరల ఉప్పెక్కువ, సినిమాల బొమ్మ తక్కువ. మంచిగున్నది ఆదివారం!” అంటూ భిక్షపతి రిమోట్‌ను సోఫాలోకి విసిరాడు.

“ఉప్పెక్కువైతె రెండోసారి ఎందుకు ఏసుకున్నవ్?” అంది సరళ, కోడలి మణికట్టుకు బామ్ రాస్తూనే.

“మాట మార్చకు. ఆ ల్యాప్‌టాప్‌ల అందరు వాడే బ్రౌజర్ ఎక్కియ్యుమంటున్న. దానికెంత సేపు?”

“ఎక్కియ్య. నా ఇంట్ల నా కొడుకు చేసిందే ఉంటది.”

టీవీకి తగిలించిన ఆ ల్యాప్‌టాప్‌లో పాటలు వస్తాయి, వార్తలు వస్తాయి. డబ్బు కట్టిన సినిమా పెడితే మాత్రం తెర నల్లబడి, ఈ బ్రౌజర్‌లో ఈ వీడియో చూడలేరని ఒక ముక్క కనిపిస్తుంది. ఆ బ్రౌజర్ పేరు మూసీ. చిన్నకొడుకు ఆకాష్, సూర్యాపేటలోని స్నేహితుడు జవహర్ కలిసి రెండేళ్లు కూర్చుని చేశారు. తెలుగు పేజీని తప్పు పోకుండా చదివి వినిపిస్తుంది. ఒకసారి చెప్పుల ధర చూసిన పాపానికి నెల్లాళ్లు చెప్పుల ప్రకటనలు వెంటపడవు. సూర్యాపేట, కోదాడ కాలేజీ పిల్లలు ఎగబడి వాడారు. ఇప్పుడు సినిమాలు రావడం లేదని ఒక్కొక్కరే తీసేస్తున్నారు.

“మూసీల నీళ్లన్న వస్తయి గని, నీ కొడుకు మూసీల సినిమా రాదు,” అన్నాడు భిక్షపతి.

“నవ్వు. కన్నతండ్రివి, నువ్వే నవ్వు!”

సింధు తలెత్తలేదు. ఆమె కోదాడ పిల్ల, పెద్దకొడుకు అభినవ్ భార్య. హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే పనిచేస్తుంది. అదేం పనో ఎవరికీ చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారట. తలుపు వేసుకుని టకటకా కొడుతుంటుంది, సరళకు తెలిసింది అంతే. పోయిన వారం పేరుకుపోయిన పనంతా ఒక్కతే ముగించిందని కంపెనీ మెచ్చుకుంటే ఇంటిల్లిపాదికీ మైసూర్‌పాక్ తెప్పించింది. మణికట్టు వాచింది ఆ పనిలోనే.

ఆకాష్ ఫోన్ పట్టుకుని గదిలోంచి వచ్చాడు. ముఖం కందిపోయి ఉంది.

“జవాబొచ్చిందమ్మా. పోయిన వారమే వచ్చింది. మీకు చెప్పబుద్ధి కాలే.”

మూసీలో సినిమాలు ఆడే అనుమతి కోసం వానాకాలం నాట్లప్పుడు పెట్టుకున్న దరఖాస్తు అది. కోతలయ్యాక జవాబు.

“అసలేందిరా ఈ పంచాయితి? జర నాకర్థమయ్యేటట్టు చెప్పు,” అన్నాడు భిక్షపతి.

“ఎవలు కాపీ కొట్టకుండ సినిమాకు తాళమేసి పంపుతరు నాన్నా. తెరిచే తాళంచెవి బ్రౌజర్‌ల ఉండాలె. ఆ చెవులు చేసేది ఇద్దరు ముగ్గురు పెద్దోళ్లే. వాళ్లకు సొంత బ్రౌజర్లు గూడ ఉన్నయి. నేను సొంతంగ చెవి చేసుకుంటె దొంగతనమంటరు. వాళ్లనే అడిగితె గిట్ల.”

రైస్ మిల్లు నడిపే భిక్షపతి బుర్ర వెంటనే పట్టుకుంది. “సీజన్ల టోకెన్ లేని వడ్ల ట్రాక్టర్‌ను మిల్లుకాడికి రానియ్యరు సూడు, గట్లనా?”

“గట్లనే. గని ఈడ టోకెనిచ్చేటోడే పక్కపొంటి వడ్లు పండించి అమ్ముకుంటున్నడు.”

“టోకెన్ ఇయ్యకపోతె వేములపల్లి రైతులు ట్రాక్టర్లు అడ్డం పెట్టి రోడ్డు మీద కూసుంటరు.” సరళ గొంతు పెరిగింది. “నువ్వు ఏ రోడ్డు మీద కూసుంటవురా? చదువు, ఏం రాసిండ్రో.”

ఆకాష్ ఇంగ్లీషును తెలుగు చేస్తూ చదివాడు. “మా పేరు గూడ రాయలే, ఉత్త దరఖాస్తు నంబరే. మీ వివరాలు శ్రద్ధగ పరిశీలించినం. ప్రస్తుతం అనుమతి ఇయ్యలేం. కారణాలు...”

“కారణాలు తెలపాల్సిన బాధ్యత మాకు లేదు,” అంది సింధు. “మీ ఆసక్తికి కృతజ్ఞతలు.”

ఆకాష్ తెల్లబోయాడు. “అచ్చం గదే వదినా!”

“కంపెనీలన్నీ అలాగే రాస్తాయిలే.” ఆమె గొంతు పీలగా ఉంది.

“కింద సంతకం ఎవనిది?” అడిగింది సరళ.

“ఎవనిదీ లేదు.”

సరళకు ఒళ్లు మండింది. బామ్ సీసా మూతను నేలకేసి కొట్టింది.

“రెండేండ్లు తిండి, నిద్ర లేకుండ చేసిండు నా కొడుకు. కాదనేటోనికి పేరు చెప్పే దమ్ము లేదు, కారణం చెప్పే మర్యాద లేదు. అన్నమే తింటున్నడా వాడు? ఆ జవాబు కొట్టిన చెయ్యి పడిపోను! పుండై పురుగులు పడను!”

ఆమె వేళ్ల మధ్య సింధు మణికట్టు చటుక్కున బిగుసుకుంది.

“నొచ్చిందా బిడ్డా?” సరళ మెత్తబడి మెల్లగా నిమిరింది. “నీకు దొరికింది గూడ గసొంటి కంపెనీయే. చెయ్యి వాసినా అడిగే దిక్కు లేదు.”

సింధు చెయ్యి లాక్కుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆరోజు టకటకలు కాసేపే వినిపించాయి.

రాత్రి అన్నాలకు కూర్చున్నారు. అభినవ్ మిల్లు నుంచి ఇంకా రాలేదు.

“మూసీని బంద్ పెడుతున్నం,” అన్నాడు ఆకాష్, అన్నం కెలుకుతూ. “జవహర్ గూడ సరే అన్నడు. రేపటి సంది నేను మిల్లుకొస్త నాన్నా.”

భిక్షపతి కూర గిన్నెను కొడుకు వైపు జరిపాడు. “ముందుగాల తినురా,” అన్నాడు.

సరళ గరిటెను గిన్నెలోకి విసిరింది. “పేరు లేనోడు ఎవడో వద్దంటె ఇడిసిపెడతవా?”

“నేనూ ఒకటి చెప్పాలి,” అంది సింధు. ఆమె కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉంది. “ఉద్యోగం మానేశాను. సాయంత్రమే రాసి పంపాను.”

సరళ కోపం ఇటు తిరిగింది. “ఇంట్ల ఒకని కష్టం మట్టిల కలిసింది సాలదా? మైసూర్‌పాక్ పంచి పది రోజులు కాలే. అంత మెచ్చుకున్న కొలువు, ఎందుకు ఇడిసినట్టు?”

ఇంకా బామ్ వాసన వస్తున్న కుడిచేతిని సింధు అందరికీ కనబడేలా కంచం పక్కన పెట్టింది.

“మీరు తిట్టిన చెయ్యి ఇదే, అత్తయ్యా.”