పేరు ముందర డోలు

"యాకయ్య అంటే ఎవరు?" అని శ్రావణ్ అడగగానే హోటల్లో చాయ్ తాగుతున్న ముగ్గురు తలెత్తారు.

"నేనే," అన్నారు ముగ్గురూ.

మహబూబాబాద్ పక్కన దర్గాకు మొక్కి కన్న పిల్లలకు అక్కడి బాబా మీద ఆ పేరే పెడతారని జనగామ నుంచి వచ్చిన శ్రావణ్‌కు తెలియదు.

"ఫోన్ చేసి నన్ను రమ్మన్నరు. డోలు కొడతరు."

"గట్ల జెప్పు. డోలు యాకయ్యా!" హోటల్ నడిపే కట్టమ్మ కేకేసింది.

ముగ్గురిలో పెద్దాయన లేచాడు. "వికీపీడియల నా పేరు మార్చింది నువ్వేనా?"

"శీర్షికలన్నీ ఒక్క తీరుగ ఉండాలె, బాపు. ముందు మనిషి పేరు, ఎనక బ్రాకెట్ల పని. అందుకే 'డోలు యాకయ్య' తీసి 'యాకయ్య (కళాకారుడు)' అని పెట్టిన."

"నాకు సన్మానం చేసేటోళ్లు అది చూసుకుంటనే వచ్చిండ్రు. బోర్డులు రాసే యాకయ్యకు శాలువ కప్పి పోయిండ్రు."

"ఆయన వద్దనలేదా?"

"ఎందుకంట?" అన్నాడు శాలువా కప్పుకున్న యాకయ్య. "నేను గూడ కళాకారున్నే గద!"

"నా డోలు నాకియ్యి, బిడ్డా," అన్నాడు పెద్దాయన.

"రూలు అందరికి ఒక్కటే, బాపు."

కట్టమ్మ లోపలికి కేకేసింది. "పేర్లు కోసే శ్రావణ్‌కు ఒక చాయ్!"

"నా పేరు ఉత్త శ్రావణే, అవ్వా."

"ఉత్తది నడవదు. ఊళ్లె ఇంకిద్దరు శ్రావణ్‌లున్నరు. రూలు అందరికి ఒక్కటే."

శ్రావణ్ ఫోన్ తీసి, పేరు ముందర మళ్లీ డోలు పెట్టాడు.

"ఇగ నన్నేమంటవ్, అవ్వా?"

"పేర్లు కోసే శ్రావణే. మా దగ్గర పెట్టిన పేరు మార్చుడు లేదు, బిడ్డా."