రెడ్డి కూర్చుంటే ఆగే కారు

స్తంభంలో దాగి ఉండి, భక్తుని మాట నిలబెట్టిన అహోబల నృసింహునికి నమస్కరించి ఈ కథ చెబుతున్నాను.

“తాళంచెవి ఈడ పెట్టి పో, అయ్యన్నా!” అని ఓబులరెడ్డి గర్జించాడు.

కోయిలకుంట్లలో ఆయన ఇంటి వాకిట కారు మళ్లీ ఆగిపోయింది. ఆ వారంలో అది నాలుగోసారి. ఇరవై ఏండ్లుగా ఆయన కారు నడుపుతున్న అయ్యన్న చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

“నేనేం చేయలేదు సామీ.”

“నువ్వొక్కడివే పోతే నంద్యాల దాకా పోతాది. నేనెక్కితే చస్తాది. నా పగోళ్లు నీకేం మందు పెట్టినారప్పా?”

కబురందుకున్న మెకానిక్కు లేవి అప్పుడే సైకిలు దిగాడు. ఆదివారం కావడంతో చర్చి నుంచి నేరుగా తెల్లబట్టలతోనే వచ్చాడు. రెడ్డి చెప్పినదంతా విన్నాడు. అయినా ఇంజను మూత ఎత్తలేదు, ఒక్క తీగెనూ ముట్టలేదు.

“అయ్యన్నా, హారను నొక్కి పట్టుకో. అయ్యా, మీరు ముందర కూసోండి.”

హారను గట్టిగా మోగింది.

“ఇప్పుడు మీ జాగాలో, ఎనక కూసోండి.”

రెడ్డి వెనుక సీటులో కూర్చోగానే హారను గొంతు పూడుకొనిపోయింది. దిగగానే మళ్లీ ఖంగుమంది. నాడి పట్టిన వైద్యునిలా లేవి కళ్లు మూసుకొని విన్నాడు.

“ఇంజన్లో రోగం లేదయ్యా. బ్యాటరీ మీ సీటు కిందనే ఉండాది. మీరు శానా బరువు. సీటు దిగి దేనికో తగులుతాండాది. కరెంటంతా ఆడనే పోతాండాది.”

“ఏమప్పా, కడకు నా బరువు మీద పడితివే!”

లేవి నవ్వుతూ సీటును పైకెత్తి తిరగేశాడు. అడుగున, స్ప్రింగులకు పసుపుదారంతో కట్టిన రాగిరేకు ఒకటి కనబడింది. బ్యాటరీ కొనలు రెండూ తగిలిన చోట్ల అది మాడి నల్లబడి ఉంది. ఇంజను జోలికి పోకుండా, చెవితోనే జాడ పట్టిన ఆ విద్యకు వాకిట చేరినవారంతా అబ్బురపడ్డారు.

రెడ్డి మాత్రం రెండడుగులు వెనక్కి వేశాడు. “చేతబడి! ఈ వారమంతా నేను చేతబడి మీద కూసున్నానా? ఎవురు కట్టినారు? నీకు తెలుసు అయ్యన్నా, చెప్పు!”

అయ్యన్న తల వంచుకొన్నాడు.

“దాని మీదేందో గీకినారు. నువ్వన్నా చదువు, లేవీ!”

రేకు తలన గీసిన నామాలు చూసి లేవి చెప్పులు విడిచాడు. రేకును విప్పి, భుజం మీది తెల్లకండువాతో మసి తుడిచి, మేకుతో గీకిన అక్షరాలను ఒక్కొక్కటిగా కూడబలుక్కొని చదివాడు:

“నరసింహసామీ, మా రెడ్డికి ఏ గండమొచ్చినా నాకు రానీ. ఇట్లు, డ్రైవరు అయ్యన్న.”

ఈ కథ విన్నవారందరికీ అటువంటి నెయ్యమూ, అటువంటి నేర్పూ ఆ స్వామి కృపతో దొరకుగాక!