ఖాళీ గడి

ట్రైలరు అడ్డం తిరిగింది.

కారు కుడికి తిప్పితే వెనకున్న ట్రైలరు ఎడమకి పోతోంది. ఎడమకి తిప్పితే కుడికి. పళ్ళ డాక్టరమ్మకి ఏడుపొక్కటే తక్కువ. అయిదు రోజులుగా ఆ చక్రాల ఇంటిని కారుకి తగిలించి ఒంటరిగా లాక్కొస్తోంది. ముందుకి నడపడం వచ్చింది గానీ వెనక్కి పెట్టడం ఇంకా పట్టుబడలేదు.

సరస్సు ఒడ్డున, ట్రైలర్లు నిలుపుకునే మైదానం అది. పొద్దు ఇంకా పూర్తిగా నిద్ర లేవలేదు. పొగమంచులో చెట్లూ బెంచీలూ నేలకి జానెడు ఎత్తున తేలుతున్నట్టున్నాయి. ఆ తెల్లదనంలోంచి ఒక ముసలాయన చేతికర్రతో నడిచొచ్చాడు.

"కంగారు పడకమ్మా. వెనక్కి వెళ్ళేటప్పుడు అన్నీ తలకిందులే. స్టీరింగు కిందివైపు పట్టుకో. నీ చెయ్యి ఎటు జరిగితే తోక అటే పోతుంది."

మూడు నిమిషాల్లో ట్రైలరు బుద్ధిగా గీతల మధ్య నిలబడింది.

"చాలా థాంక్సండీ."

"దానిదేముంది. మీ నాన్నగారి పేరేంటమ్మా?"

ఆమె ఉలిక్కిపడింది. తన పేరు కాదు, తన ఊరు కాదు, నాన్న పేరట!

"ఎందుకండీ?"

"ఊరికే. విందామని."

"నాలుగు రోజులు తిరిగి పోదామని వచ్చాను," అని సంబంధం లేని జవాబొకటి చెప్పి తలుపేసుకుంది. రోజూ పాతికమంది చేత నోళ్ళు తెరిపించే మనిషి, తన నోరు మాత్రం విప్పదు.

లోపల ఫోను మోగింది. నాన్న.

"దొరికాడా మా నాన్న?"

"ఇవాళ శనివారం కదా. జనన మరణాల ఆఫీసు సోమవారం తీస్తారు."

"అరవై మూడేళ్ళు ఆగినవాణ్ని, రెండు రోజులు ఆగలేనా!" ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది.

నాన్న అనాథాశ్రమంలో పెరిగాడు. చిన్నప్పట్నుంచీ ఆయనకున్న ఆస్తి జనన పత్రం ఒక్కటే. అందులో తల్లి, తెలియదు. తండ్రి, ఒక పేరు. పుట్టిన ఊరు, ఈ సరస్సు ఊరు. 'నన్ను వద్దనుకున్నవాణ్ని నేనెందుకు వెతకాలి?' అని జీవితమంతా పంతం పట్టాడు. మొన్న గుండె ఆపరేషనయ్యాక ఆ పంతం కరిగింది. ఆయన ప్రయాణం చెయ్యలేడు గనక కూతురు బయల్దేరింది.

"ఆయనుంటే ఆయన్ని, లేకపోతే ఆయనవాళ్ళని ఒక్క మాట అడగమ్మా. పేరిచ్చి మరీ ఎందుకు వదిలేశాడో. తిట్టకు. ఊరికే అడుగు."

ఆదివారం మధ్యాహ్నం కునుకు పట్టింది. కలలో తాత వచ్చాడు. ముఖం లేదు. ట్రైలరు మెట్టు మీద కూర్చుని చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. సరస్సు మెట్టు దాకా వచ్చింది. ఆయన లేచి నీళ్ళ మీద నింపాదిగా నడిచిపోతున్నాడు. ఆమె కేకేద్దామనుకుంది గానీ ఏమని పిలవాలో తెలియలేదు. ఇంతలో తలుపు చప్పుడైంది.

నిన్నటి ముసలాయన.

"మీ నాన్నగారి పేరు చెప్పలేదు నువ్వు."

"మీకు వేరే పనేం లేదా తాతగారూ?"

"లేదమ్మా," అన్నాడాయన నిజాయితీగా.

"మా నాన్న పేరు ఊళ్ళో పంచడానికి రాలేదు నేను."

తలుపు మూసేసింది. చేతికర్ర కాసేపు అక్కడే ఆగింది. తర్వాత టకటకమంటూ దూరమైంది. ఆమెకి మనసు చివుక్కుమంది. అయినా తలుపు తియ్యలేదు. ఒంటరి ఆడమనిషి జాగ్రత్త ఒంటరి ఆడమనిషిది.

సోమవారం ఆయన కనిపించలేదు. హమ్మయ్య అనుకుంది.

జనన మరణాల ఆఫీసంటే ఒక గది, మూడు బీరువాలు, ఒక గుమాస్తా. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. డాక్టరమ్మ చెప్పిందంతా విని, పాత పుస్తకం దుమ్ము దులిపి ముందు పెట్టింది.

దొరికింది. నాన్న పేరు, పక్కనే తాత పేరు. పేజీ తిప్పితే మళ్ళీ అదే తాత పేరు, ఇంకో బిడ్డకి. ఇంకో పేజీలో ఇంకో బిడ్డకి. లెక్కపెడితే పదకొండు మంది.

"పదకొండు మందిని కని వదిలేశాడా! ఎంత ఘనుడు!"

"అలా అనకండమ్మా," గుమాస్తా అడ్డుపడింది. "ఆయనకి పెళ్ళే కాలేదు. ఒకప్పుడు ఈ కుర్చీలో గుమాస్తా ఆయనే. ఆసుపత్రి మెట్ల మీద వదిలేసిన పసివాళ్ళని ఇక్కడికి తెచ్చేవాళ్ళు. తండ్రి గడి ఖాళీగా ఉంటే బళ్ళో చేర్చుకోని రోజులవి. అందుకని ఆ గడిలో తన పేరు రాసేసేవారు. పిల్లలకి పేర్లూ ఆయనే పెట్టారు. పన్నెండో బిడ్డ దగ్గర పట్టుబడ్డారు. ఉద్యోగం ఊడింది."

డాక్టరమ్మ మళ్ళీ నాన్న పేరున్న పేజీకి తిప్పింది. నాన్న జీవితమంతా పంతం పట్టింది ఈ మనిషి మీదా!

"ఎక్కడుంటారు? ఇప్పుడే వెళ్తాను."

"నిన్న సాయంత్రం పోయారమ్మా."

గుమాస్తా ఇంకో పుస్తకం ముందుకి జరిపింది. మరణాలది.

"బంధువు సంతకం దగ్గర ఆగిపోయాను. ఆయనకి నా అన్నవాళ్ళు లేరు. నేను పెడదామంటే రూలు ఒప్పదు."

డాక్టరమ్మ కలం అందుకుంది. సంతకం చేసి, సంబంధం అన్నచోట 'మనవరాలు' అని రాసింది. ఆ ఆఫీసు పుస్తకాల ప్రకారం అందులో అబద్ధం అక్షరం కూడా లేదు.

అప్పుడు ఏడుపొచ్చింది.

"ఒక్కసారి చూసినా బావుండేది. మా నాన్న పేరు ఆయన చెవిన వేసినా చాలు."

గుమాస్తా విడ్డూరంగా చూసింది.

"అదేమిటమ్మా, ట్రైలరులో వచ్చానన్నారుగా? ఆ మైదానంలో దిగిన ప్రతివాళ్ళనీ నాన్నగారి పేరడిగే ముసలాయన, మిమ్మల్ని అడగలేదూ?"