లోపలి చెక్క

“ఆ మిషన్ ఆపు శెట్టీ! పగుల్తాది!”

డ్రిల్లింగ్ మిషన్ పట్టుకున్న కళ్యాణ్ ఉలిక్కిపడ్డాడు.

మేకులు కొనడానికొచ్చిన ముసలాయన కౌంటరు మీదికి వంగాడు. గళ్ల లుంగీ, భుజాన రంపం సంచీ.

కర్నూల్లో కళ్యాణ్‌ది హార్డ్‌వేరు షాపు. కౌంటరు మీదున్నది పోయినేడు చనిపోయిన నాన్న ఎలక్ట్రిక్ గిటారు. మద్రాసులోని గిటార్ల కంపెనీలో కొన్నది. దాని మెడ వంగిపోయింది.

సాయంత్రం ఏడింటికి నాన్న జ్ఞాపకార్థం ఆర్కెస్ట్రా. ఆ గిటారే మోగాలని కళ్యాణ్ పంతం.

అదృష్టం కొద్దీ కంపెనీ ఈ ఏడు, 2008లో, ఆ పాత మోడల్‌నే మళ్లీ తెచ్చింది. కొత్త మెడ బెంగళూరు నుంచి వచ్చింది.

“అదే మోడలప్పా. పేరదే, రంగదే.”

“రంగొకటే అదే. పాతదానికి మెడకాడ మూడు స్క్రూలు. దీనికి నాలుగు పెట్టినారు. కొత్తవి గట్టి చెక్కతో చేస్తాండారు. పాతది లోపల బోలు. నాలుగోది బిగిస్తే వెనక చెక్క లేచొస్తాది.”

“మా నాయన ముప్పై ఆరేండ్లు వాయించినాడు. ఆయనకే తెల్దు. లోపలేముండాదో నీకెట్ల తెలుసు?”

“యాలంటే నేను...”

“తలుపులు చేసుకునేటోనికి గిటార్ల సంగతెందుకు?”

ముసలాయన ముఖం చిన్నబోయింది. అయినా కదల్లేదు.

“పాత మెడనే వేడిచేసి సరిచేస్తా. గంట పని. దుడ్లేం వద్దు. ఒక్కసారి చేతికియ్యి.”

“చేతులు తియ్!”

కళ్యాణ్ గిటారును లాక్కున్నాడు.

ముసలాయన మేకుల పొట్లం సంచీలో వేసుకున్నాడు.

“నా పేరు మారెన్న. పత్తికొండ బస్సు ఐదుకుండాది. మనసు మారితే బస్టాండుకు రా.”

మెట్లు దిగుతూ రెండుసార్లు వెనక్కి చూశాడు. గిటారునే చూశాడు.

షాపులో మిషన్లున్నంత మాత్రాన మేస్త్రీ అయిపోడని కళ్యాణ్‌కు ఎవరు చెబుతారు?

మూడు స్క్రూలు చక్కగా బిగిశాయి. “చూస్తివా!” అనుకున్నాడు.

నాలుగో రంధ్రం మొదలుపెట్టాడు. బిట్టు కాస్త దిగి, ఒక్కసారిగా లోపలికి జారిపోయింది.

లోపల ఖాళీ.

గడియారం చూశాడు. ఐదుకు పది తక్కువ. బస్టాండు ఎంతో దూరం లేదు.

పోతే పరువేం కావాలి? స్క్రూ పెట్టి గట్టిగా తిప్పాడు.

టప్!

వెనక చెక్క నిలువునా పగిలి, సగం ముక్క ఊడి చేతికొచ్చింది.

నాన్న రెండోసారి పోయినట్టనిపించింది. కళ్యాణ్ అక్కడే కూలబడి ఏడ్చాడు. లేచేసరికి ఐదూ ఇరవై.

ముక్కను అతికించి చూద్దామని తిప్పాడు. జిగురు పెట్టి మూశాక మళ్లీ ఎవరి కంటా పడని వైపున, మాసిన పెన్సిలు అక్షరాలు.

“చేసినది మారెన్న, పత్తికొండ, 1971.”