వంతెన ఫొటో

“ఇప్పటి కెమెరాలు ఉత్త అట్టపెట్టెలు తల్లీ. పదిహేనేళ్ళయినా ఇది చూడు, రాయిలా ఉంది!” అంటూ మాస్టారు తన పాత ప్రెస్ కెమెరాను నా చేతుల్లో పెట్టారు. పత్రికలో నాకు ఫొటో తీయడం నేర్పింది ఆయనే. రిటైరై ఇల్లు సర్దుకుంటున్నారు.

ఆ బరువు నా చేతులకు తెలుసు. నా కెమెరా మొరాయించిన రోజు దీన్నే అడిగి తీసుకుని, కూలుతున్న వంతెనను తీసి, పత్రిక డెస్కుకి పంపమని ఆయనకే తిరిగిచ్చాను. మర్నాడు మొదటి పేజీలో ఆ ఫొటో ఆయన పేరుతో వచ్చింది.

“డెస్కువాళ్ళ పొరపాటమ్మా, నీ కోసం పోట్లాడాను” అని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నేనే ఓదార్చాను. అవార్డూ ఆయనకే వచ్చింది. అదిగో, గోడ మీద ఉంది. ఆ రోజు పేరు వేసిన డెస్కు మనిషితో నాకు ఇవాళ్టికీ మాటల్లేవు.

బ్యాటరీ వేశాను. పాత మెమరీ కార్డు లోపలే ఉంది. తెర మీదికి నా వంతెన వచ్చింది, మూలన చిన్న మైకు గుర్తుతో. ఆ రోజుల్లో ఫొటో వివరాలు డెస్కుకి కెమెరాలోనే మాటగా రికార్డు చేసి పంపేవాళ్ళం.

నేనేమీ చెప్పలేదే అనుకుంటూ బటన్ నొక్కాను.

“వంతెన ఫొటో నేనే తీశాను. అమ్మాయి వచ్చి తనదంటుంది, పట్టించుకోకండి.”

మాస్టారి గొంతే. తలెత్తి ఆయన మొహంలోకి చూశాను.

ఆయన టీ కప్పు మెల్లగా కింద పెట్టారు.

“ఆ స్పీకరు ఎప్పుడో చెడిపోయిందనుకున్నానే” అన్నారు.