బావమరిది కోసం

"మాస్టరూ, కొంప మునిగింది! పుస్తకం అరలో లేదు!"

పళ్ళ డాక్టరు లైబ్రరీ గుమ్మంలోనే టైలర్‌ని పట్టుకుని చెవిలో ఈ మాట ఊదాడు.  టైలర్ మెళ్ళో వేలాడుతున్న టేపుతో సహా లోపలికి పరుగెత్తాడు. సంగీతం అరలో చివరి మూల, ఎప్పుడూ ఉండే చోట, మూడు వేళ్ళ మందాన ఖాళీ కనిపించింది.

అక్కడ ఉండాల్సిన పుస్తకం పేరు 'గొంతు చించుకున్నవాళ్ళు'. అట్ట మీద పుర్రె, లోపల డెత్ మెటల్, బ్లాక్ మెటల్ అనే అరుపుల సంగీతం వాయించే బృందాల పుట్టుపూర్వోత్తరాలు, వెనక జేబులో ఒక సీడీ. ఊరు మొత్తం మీద ఆ గోలను సంగీతమనేవాళ్ళు తామిద్దరేనని వాళ్ళ నమ్మకం. కుట్టుమిషను మీద టైలర్ కాళ్ళు ఆ డ్రమ్ముల వేగంతోనే ఆడతాయి. డాక్టరుగారికైతే పన్ను తొలిచే మర చప్పుడు కూడా గిటారులాగే వినిపిస్తుంది. పైగా ఆ జేబులో సీడీ ఏటా మారుతుంది, ప్రతిదీ ముందుదాన్ని తలదన్నేదే! "మన లైబ్రరీ వాళ్ళు ఎంత రసికులయ్యా!" అని ఇద్దరూ తెగ మురిసిపోయేవారు.

చిక్కల్లా ఒక్కటే. ఏడాదిపాటు ఎవరూ ఇంటికి తీసుకెళ్ళని పుస్తకాన్ని అక్కడ చిత్తుకాగితాల బండికి ఎత్తేస్తారు. అందుకే ఒక ఏడు టైలర్, మరో ఏడు డాక్టరు వంతులు వేసుకుని దాన్ని కాపాడుకొస్తున్నారు.

"ఈ ఏడు వంతు మీదే కదండీ?" అన్నాడు టైలర్.

"నాదెలా అవుతుందయ్యా? పోయినేడు నాదైపోయిందిగా!"

"పోయినేడు మీ క్లినిక్‌కి రంగులేస్తున్నారని నేనే తీసుకెళ్ళాను. మర్చిపోయారా?"

డాక్టరు నోరు తెరిచాడు. రోజూ పదిమంది నోళ్ళు తెరిపించే మనిషి, తన నోరు మూసుకోవడం మర్చిపోయాడు.

ఇక మిగిలింది లైబ్రేరియన్ని అడగడం. అమ్మో, ఆవిడా! ఆవిడ తలెత్తి చూస్తే ఫ్యాను కూడా కిర్రుమనడం మానేస్తుందంటారు. టైలర్ వెళ్ళి బల్ల ముందు నిలబడ్డాడు.

"మేడమ్, ఆ మూల ఒక పుస్తకం ఉండాలండీ... పుర్రె బొమ్మది..."

"మీ బావమరిది చదువుతారని తీసుకెళ్తుంటారు, అదేనా?"

"అదేనండీ, అదే!"

తీసుకెళ్ళిన ప్రతిసారీ టైలర్ చెప్పే మాట అదే మరి. డాక్టరైతే మా కాంపౌండరు కోసం అనేవాడు. బడిపిల్లలకు యూనిఫారాలు కుట్టేవాడూ, జనం నోట్లో వేళ్ళు పెట్టేవాడూ ఇలాంటివి వింటారని తెలిస్తే ఊళ్ళో ఇంకేమన్నా ఉందా! నిజానికి ఆ బావమరిది జన్మలో పుస్తకం పట్టిన పాపాన పోలేదు.

"ఏడాదిగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు" అంది లైబ్రేరియన్. "పొద్దున నేనే తీసేశాను."

టైలర్ వరండా వైపు చూశాడు. వరండాలో పురికొసతో కట్టిన గోనె మూటలు పన్నెండు వరసగా ఉన్నాయి. గేటు దగ్గర బండి ఆగి ఉంది. హమాలీ ఒకడు అప్పుడే తలగుడ్డ చుట్టుకుంటున్నాడు. టైలర్ ఇంకేం ఆలోచించలేదు. జేబులోంచి కత్తెర తీసి ఒక్క అంగలో వరండాలోకి పోయి మొదటి మూట పురికొస పుటుక్కున తెంపేశాడు. పాత పత్రికలన్నీ జారి నేల మీద పడ్డాయి. డాక్టరు కూడా ఇస్త్రీ ప్యాంటు సంగతి మరిచి మోకాళ్ళ మీద కూర్చుని వెతకసాగాడు.

"ఆగండి!" లైబ్రేరియన్ వెనకే వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఏమిటీ వీరంగం? ఒక్క పుస్తకం కోసం మీ బావమరిది అంత ప్రాణం పెట్టుకున్నారా? ఆయన్నే రమ్మనండి, నేను మాట్లాడతాను."

టైలర్ డాక్టరు వంక చూశాడు. డాక్టరు ఒక వంటల పత్రికను మహా శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు. ఇక టైలర్ ఆగలేకపోయాడు.

"బావమరిదీ లేదు, గాడిదగుడ్డూ లేదు మేడమ్!" అని అరిచాడు. హాల్లో పేపర్లు చదువుకుంటున్నవాళ్ళందరూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. "చదివేదీ నేనే, వినేదీ నేనే! పొద్దున్నే ఆ అరుపులు చెవిన పడితేగానీ నాకు సూదిలో దారం ఎక్కదు. నవ్వుకుంటే నవ్వుకోండి, నా పుస్తకం నాకు కావాలి!"

"నాకూ అంతేనండీ" అన్నాడు డాక్టరు సన్నగా. "మా కాంపౌండరు పాపం, జోలపాటలు తప్ప ఏమీ వినడు."

లైబ్రేరియన్ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. అంత నిజం చెప్పేశాక టైలర్‌కి సిగ్గుతో పాటు ఎందుకో గుండె బరువు కూడా దిగినట్టయింది.

"ఆ మూటల్లో వెతక్కండి" అందావిడ. "ఆ పుస్తకం అసలు మా లైబ్రరీది కాదు. రిజిస్టరులో దాని పేరే లేదు."

"అదేంటి మేడమ్! తొమ్మిదేళ్ళుగా ముద్ర కొట్టి ఇచ్చింది మీరేగా? లైబ్రరీది కాకపోతే ఎవరిది?"

ఆవిడ భుజానున్న సంచిలోంచి పుర్రె బొమ్మ పుస్తకం తీసి, వెనక జేబులో ఇంకా పైకాగితమైనా విప్పని కొత్త సీడీ దోపి, టైలర్ చేతిలో పెట్టింది.

"నాది. ఈ ఊళ్ళో ఇవి వినే మనిషి ఒక్కడైనా దొరక్కపోతాడా అని అరలో పెట్టి, మీ బావమరిదైనా, వారి కాంపౌండరైనా ఒక్కసారి వచ్చి నాతో మాట్లాడతారేమోనని తొమ్మిదేళ్ళుగా సీడీలు మారుస్తూ కూర్చున్నాను!"